మొహమాటస్తుల కోసం సెకండ్‌హ్యాండ్ పికప్ పాఠాలు

పాత డీజిల్ బండి కొనాలంటే ఇంజన్ గురించి తెలిసుండాలని కొందరు భయపెడుతుంటారు. ఏమీ అక్కర్లేదు. ఎదుటివాడి మనసు నొప్పించకూడదన్న సంస్కారం ఒక్కటుంటే చాలు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉందిగానీ, ఆ సామెత చెప్పినవాళ్లెవరూ బొలెరో పికప్ కొన్నవాళ్లు కాదు. కొత్తది పది లక్షలకు అటూఇటూగా పలుకుతున్న రోజుల్లో ఓ పెద్దమనిషి అందులో సగానికే ఇస్తానంటున్నాడు. "సింగిల్ ఓనరండీ, ఓనర్ కం డ్రైవరు, ఫుల్ కండిషను" అంటున్నాడు. అలాంటివాడి ముందు నేలమీద పడుకుని టార్చిలైటేసి బండి కింద వెతకడం మన ఇళ్లలో నేర్పిన పద్ధతేనా? కాదు కాబట్టి, బొలెరోకైనా టాటా ఏస్‌కైనా దోస్త్‌కైనా పనికొచ్చే మర్యాదస్తుల పద్ధతి ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా, చెప్పాపెట్టకుండా వెళ్లకండి. "రేపు పదింటికి వస్తున్నామండీ" అని ఫోన్ చెయ్యండి. అమ్మేవాళ్లకి ఆ వ్యవధి కావాలి. మీరు దిగేసరికి ఇంజన్ తిరుగుతూ ఉంటుంది, లేదా "ఇప్పుడే సెంటర్ దాకా వెళ్లొచ్చా" అంటూ ఆయన బండి ఆపుతూ కనిపిస్తాడు. వేడిమీదున్న డీజిల్ ఇంజన్ ఎంత ముసలిదైనా తాళంచెవి తిప్పీ తిప్పకముందే అందుకుంటుంది. రాత్రంతా మంచులో నిలబడ్డ ఇంజన్ సంగతి వేరు. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు, సిలిండర్లో గాలిని బిగించి నొక్కితే పుట్టే వేడికే అది అంటుకోవాలి. రింగులు అరిగి కంప్రెషన్ తగ్గినా, హీటర్ ప్లగ్గులు పోయినా, నాజిళ్లు కారుతున్నా తెల్లవారుజామున ఆ గుట్టు బయటపడుతుంది. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ నీరసపడ్డాక, ఓ మబ్బంత తెల్లపొగ వదిలి అప్పుడు లేస్తుంది. ఒకరి ఇంటి గుట్టు పొద్దున్నే చూడటానికి మనమెవరం? పదింటికే వెళ్లండి. బానెట్ మీద మాత్రం చెయ్యి వెయ్యకండి, కాలుతుంది.

పొగ గురించి మెకానిక్కులు చాలా చెబుతారు. నల్లగా వస్తే డీజిల్ సరిగా కాలడం లేదట, ఎయిర్ ఫిల్టరూ నాజిళ్లూ చూడాలట. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందట, బోరుకొచ్చిందట. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే రేడియేటర్ నీళ్లు సిలిండర్లోకి దిగుతున్నాయేమో, హెడ్ గ్యాస్కెట్ చూడాలట. ఇన్ని రంగులు గుర్తుపెట్టుకునే బదులు అమ్మేవాడు అనే ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది: "డీజిల్ బండన్నాక పొగ రాదా అండీ?"

ఇంకో దుర్మార్గమైన పరీక్ష కూడా ఉంది. ఇంజన్ స్లోలో తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తిరగేసి ఆ కంత మీదే ఊరికే ఆనించి వదిలేస్తారు. రింగులు బాగుంటే మూత కాస్త వణుకుతూ అక్కడే కూర్చుంటుంది. పిస్టన్ పక్కనుంచి గాలి కిందికి తన్నుతుంటే మాత్రం గడగడలాడి పక్కకి దొర్లిపోతుంది, కంతలోంచి బుస్సుమని పొగ లేస్తుంది. అంతవరకూ గలగలా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా నోరు కట్టేసుకుంటాడు. మూత లోపలివైపు పాలమీగడలా జిడ్డు పేరుకుని ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయని అనుమానం కూడా మొదలవుతుంది. ఆ ఇబ్బందికర నిశ్శబ్దాన్ని భరించేకంటే ఇంజన్ బోరు చేయించుకోవడమే సుఖం. లెక్కవేస్తే ఖర్చు కాస్త ఎక్కువే అవుతుంది, కానీ స్నేహం నిలుస్తుంది.

ఇక బండిలో ముఖ్యంగా చూడాల్సింది రంగు. సాయంత్రం ట్యూబులైటు వెలుతురులో చూస్తే మరీ బాగుంటుంది. పాత బండిని ఆటోనగర్‌లో వదిలితే డెంటింగు, పెయింటింగు, కొత్త స్టిక్కర్లు, సీటు కవర్లు అన్నీ అయి పెళ్లికొడుకై బయటికొస్తుంది. ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ, వెనక రాక్షసుడి బొమ్మ, "నన్ను చూసి ఏడవకురా" అన్న రాత. కొండగట్టులోనో అన్నవరంలోనో పూజ చేయించిన ఫొటో కూడా డ్యాష్‌బోర్డు మీద ఉంటే ఇంక ఆలోచించేదేముంది? దేవుడు చూసిన బండిని మనం మళ్లీ చూడటమా!

బండి కింద ఛాసిస్‌కి కూడా నిగనిగలాడే నల్లరంగు కొట్టి ఉండటం చూసి ఆయన శ్రద్ధని మెచ్చుకోండి. ఎందుకు కొట్టారని అడగకండి. ఇప్పటిదాకా ఏం మోసిందనీ అడగకండి. గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు తోలిన బండికీ, ఖమ్మంలో గ్రానైట్ పలకలు మోసిన బండికీ పైనుంచి చూస్తే తేడా ఏమీ ఉండదు. కిందనుంచి చూస్తేనే తెలుస్తుంది: కమాన్ కట్టలో కంపెనీ ఇచ్చినవి కాక ఒకటో రెండో పట్టీలు అదనంగా దూర్చి ఉంటాయి, కమాన్ తగిలించే బ్రాకెట్ దగ్గర ఛాసిస్ చీలి, వెల్డింగ్ పెట్టి, ఆ మచ్చ మీద రంగు పూసి ఉంటుంది. "1.7 టన్నుల బండండీ, మూడు టన్నులేసినా కిక్కురుమనలేదు" అని అమ్మేవాడు తనంతట తానే చెబితే అది బండి గొప్పతనమే అనుకోండి. పాపం, బండికి నోరుంటే కదా కిక్కురుమనడానికి.

కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు నుంచి వచ్చిన బండి చవగ్గా దొరికితే అస్సలు వదలొద్దు. చేపలూ రొయ్యలూ ఐసు పెట్టెల్లో తోలినవి ఆ ప్రాంతంలో చాలా ఉంటాయి. కరిగిన ఐసు నీళ్లు, దానితో పాటు చెరువుల ఉప్పునీళ్లు వెనక తొట్టిలోంచి కారి, కింద అడ్డపట్టీల సందుల్లో నిలబడి, ఏళ్ల తరబడి నెమ్మదిగా ఇనుమును తింటాయి. పైన రేకు కొత్తది వేయించి రబ్బరు షీటు పరుస్తారు. ఆ షీటు ఎత్తి, స్క్రూడ్రైవర్ మొనతో పట్టీని పొడిస్తే కొన్నిచోట్ల లోపలికి దిగబడిపోతుంది. మొహమాటస్తుడి జేబులో స్క్రూడ్రైవర్ ఉండదు కాబట్టి ఈ ప్రమాదం మనకు లేదు. తుప్పు ఎంత తింటే బండి అంత తేలిక, మైలేజీ కలిసొస్తుంది.

మీటర్లో కిలోమీటర్లు చూసి మురిసిపోండి. ఏడేళ్లు కిరాయిలకు తిరిగిన బండి అరవై వేలే చూపిస్తోందంటే ఆయన దాన్ని ఎంత సుకుమారంగా చూసుకున్నాడో! క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము మెరుస్తోందా, గేర్ రాడ్ మీద అంకెలు చెరిగిపోయాయా, డ్రైవర్ సీటు ఓ పక్కకి కుంగిపోయిందా అన్నవి మీటర్ చెప్పిన దానికి ఎదురుసాక్ష్యాలు. పెద్దలు మాట్లాడుతుంటే పిల్లలు మధ్యలో దూరినట్టు అవి. పట్టించుకోకండి. "టైర్లు కొత్తవేనండీ" అంటే అదీ నమ్మేయాలి. టైరు గోడ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. వంగి చదవాలంటే నడుం నొప్పి.

మీకు తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లడం అన్నిటికన్నా పెద్ద అవమానం. అమ్మేవాళ్ల మెకానిక్ ఎలాగూ పక్క షాపులోనే ఉంటాడు, "ఈ బండి నా చేతుల మీదే పెరిగిందన్నా" అంటాడు. అంతకంటే సాక్ష్యం ఏముంటుంది? ట్రయల్ కూడా వాళ్లనే నడపనివ్వండి. ఖాళీ బండి, తారురోడ్డు, పాటలు పెద్దగా. గేర్‌బాక్స్ రొద చేసినా, క్రౌన్ దగ్గర ఊళ పెట్టినా పాటలో కలిసిపోతుంది. లోడేసి ఏదైనా ఎత్తు ఎక్కించి చూద్దామని అడగడం, ఇంటికి పిలిచినవాణ్ణి బస్తాలు మోయమన్నంత తప్పు. కొందరు మొరటోళ్లు హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేకు తొక్కిపట్టి, మూడో గేరులో వేసి క్లచ్ మెల్లగా వదులుతారు. అప్పుడు ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అయిపోయిందని వాళ్లు అంటారు. మనమైతే, ఎంత తొక్కిపట్టినా ఆగని ఇంజన్ కదా అని సంతోషిద్దాం.

2020 ఏప్రిల్ నుంచి వచ్చినవి బీఎస్-6 బండ్లు. వాటిలో సెన్సార్లు ఎక్కువ, మసి పట్టే ఫిల్టరు ఖరీదైనది. తాళంచెవి ఆన్ చెయ్యగానే ఇంజన్ గుర్తున్న పసుపు లైటు వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపల ఏదో లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కినట్టు. రెండోది మంచి బండి. కళ్లకి ఇబ్బంది లేదు.

కాగితాల దగ్గరకొద్దాం. అసలు మర్యాద ఇక్కడే తేలుతుంది. సీ-బుక్కు చేతికివ్వగానే కళ్లకద్దుకుని జేబులో పెట్టుకోవాలి తప్ప తెరిచి చదవకూడదు. ఫైనాన్స్ కంపెనీ పేరు అందులో అలాగే ఉన్నా "కిస్తీలన్నీ కట్టేశామండీ" అన్న మాట చాలు. కంపెనీ ఎన్ఓసీ, ఫారం 35 అడిగి, ఆర్టీఏలో ఆ పేరు తీయించాకే డబ్బిస్తాననడం అప్పులవాడి లక్షణం. ఛాసిస్ మీద కొట్టిన నంబరుని, ఇంజన్ నంబరుని సీ-బుక్కుతో పోల్చడం, అంకెల చుట్టూ గరుకుగా గీరిన గుర్తులున్నాయేమో తడిమి చూడటం పోలీసుల పని. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్ గడువులు ఇట్టే తెలుస్తాయి. ఇట్టే తెలిసేది ఎప్పుడైనా తెలుసుకోవచ్చు, తొందరేముంది? చలానాలు కూడా అంతే, కొన్నాక తీరిగ్గా కట్టుకోవచ్చు.

ఎఫ్‌సీ గురించి ఒక్క మాట. సరుకు బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. అది లేకుంటే చట్టం దృష్టిలో బండికి రిజిస్ట్రేషన్ చెల్లనట్టే. ఎనిమిదేళ్లు నిండబోతున్న బండిని ఆయన ఇప్పుడే ఎందుకు అమ్ముతున్నాడని అనుమానించకండి. "పిల్ల పెళ్లండీ" అన్నాడుగా. మొత్తం బరువు 3000 కిలోలు దాటే రకమైతే పర్మిట్ కూడా కావాలి. అది ఉందా అని అడిగితే ఆయన నవ్వుతాడు, మీరూ నవ్వండి. తెలంగాణ బండిని ఆంధ్రాలోకి, ఆంధ్రా బండిని తెలంగాణలోకి మార్చుకోవాలంటే అక్కడి ఆర్టీఏ ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి. 2014కి ముందు ఒకే రాష్ట్రం కదా, ఆ జ్ఞాపకంతో అలాగే తిప్పుకోండి.

సంచకారం ఇచ్చేటప్పుడు రసీదు అడగకండి. మిగతా డబ్బు నగదుగా ఇచ్చేయండి, బ్యాంకులో వేస్తే అది కాస్తా రుజువై కూర్చుంటుంది. బదులుగా ఫారం 29, ఫారం 30 సంతకాలు చేసి ఖాళీగా ఇస్తారు. వాటిని పూజగదిలో భద్రంగా దాచుకోండి. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలని చట్టం. ఇన్సూరెన్స్ మన పేరుకి మార్చమని 14 రోజుల్లో అడగాలి, లేకపోతే బండికి దెబ్బ తగిలినప్పుడు సొంత డ్యామేజీ క్లెయిముకి కంపెనీ తలుపులు మూస్తుంది. ఇవన్నీ చేస్తే ఆయన మీద మీకు నమ్మకం లేనట్టవుతుంది.

పేరు మార్చకపోతే నష్టం కొన్నవాడికే అనుకోకండి. ప్రమాదం జరిగితే ఆర్టీఏ రికార్డుల్లో ఎవరి పేరుందో వాళ్లే ఓనర్ అనీ, నష్టపరిహారం బాధ్యత వాళ్లదేననీ సుప్రీంకోర్టు 2018లో ఓ కేసులో తేల్చి చెప్పింది. ఎప్పుడో అమ్మేసిన బండి తాలూకు నోటీసు ఆ పెద్దమనిషి గుమ్మంలోకి వెళ్తుందన్నమాట. ఆయన మీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చేలోపు అవే ఖాళీ ఫారాలతో, అదే నల్లరంగుతో బండిని ఇంకో మొహమాటస్తుడికి అమ్మేయండి. ముందు రోజు ఫోన్ చేసి వచ్చేవాడైతే ఇంకా మంచిది.