పాటకు పథ్యం

అమెరికావాళ్లు అంతంత లావు ఎందుకెక్కుతున్నారో ఎట్టకేలకు తేలిపోయింది. కోలాలు కాదు, బర్గర్లు కాదు, కారు లేకుండా గడప దాటలేని ఊళ్లు అసలే కాదు. దోషి పేరు లిజో, వృత్తి పాటలు పాడటం. 2020 జనవరిలో జిలియన్ మైకేల్స్ అనే ఫిట్‌నెస్ గురువుగారు ఒక ఇంటర్వ్యూలో ఈ కేసు విచారించేశారు. పాట బాగుంటే పాటను మెచ్చుకోండి, ఆ లావుపాటి ఒంటిని మెచ్చుకోవడం దేనికి, రేపు షుగరొస్తే అదేమైనా గొప్పా అన్నది తీర్పు సారాంశం. రక్తం చుక్క తీయకుండా, మనిషిని చూసి షుగరు దాకా వెళ్లిపోవడం వైద్యశాస్త్రంలో ఎంత పొదుపు!

ఆ దోషి స్టేజీ మీద ఆడుతూ పాడుతూ మధ్యలో ఫ్లూటు కూడా వాయిస్తుంది. 2022 సెప్టెంబరులో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు, ఒకప్పటి అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ కోసం 1813లో చేసిన గాజు ఫ్లూటును కాపలా పెట్టి మరీ ఆమె కచేరీకి పంపారు. ఆమె దాన్ని వాయించి, నడుమూ ఊపింది. మా అపార్ట్‌మెంటులో బక్కపలచని పెద్దమనిషి ఒకాయన లిఫ్టు ఆగిన రోజున రెండో అంతస్తుకే రెయిలింగు పట్టుకుని నిలబడిపోతారు. ఆయన ఆరోగ్యం మీద ఇంతవరకూ ఏ ఛానలూ చర్చ పెట్టలేదు.

గురువుగారి అనుభవాన్ని మాత్రం తక్కువ చేయకూడదు. 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే టీవీ పోటీలో లావుపాటి వాళ్లను కేకలేసి పరుగులు పెట్టించి కరిగించింది ఈవిడే. ఆమె శిక్షణ ఇచ్చిన ఒక సీజన్ పోటీదార్లలో 14 మందిని ఆరేళ్ల తర్వాత ప్రభుత్వ పరిశోధకులు పరీక్షించి, 2016లో ఫలితాలు అచ్చేశారు. 13 మందికి బరువు మళ్లీ పెరిగింది. నలుగురైతే పోటీకి వెళ్లకముందు కన్నా లావయ్యారు. ఇక వాళ్ల ఒళ్లు ఊరికే ఉన్నప్పుడు రోజుకు ఖర్చుచేసే శక్తి ఉండాల్సిన దానికన్నా సుమారు 500 కేలరీలు తక్కువ. అయినా ప్రజారోగ్యానికి ప్రమాదం పాట వల్లేనట.

సరే, పెద్దల మాట కాదనడమెందుకు? మన సినిమాల్లో హీరో సిగరెట్ ముట్టించగానే తెర మూలన హెచ్చరిక పడుతుంది కదా, లావుపాటి గాయనుల పాటలకూ అలాంటిదే వేద్దాం: 'ఈ పాట వింటే మీ ఒంటి మీద మీకున్న అసహ్యం తగ్గే ప్రమాదం ఉంది.' కాకపోతే చట్టం అందరికీ ఒకటే కావాలి. 2011లో పిల్లల ఊబకాయం తగ్గించాలని అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య మిషెల్ ఒబామా ఉద్యమం నడిపితే, గాయని బియాన్సే తన పాటనొకదాన్ని వ్యాయామం పాటగా మార్చి ఇచ్చింది. బడిపిల్లలు దానికి చెమటలు కక్కేలా గంతులేశారు. మరుసటి ఏడాది అదే బియాన్సే పెప్సీతో ఒప్పందం చేసుకుంది. సుమారు ఐదు కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. పెప్సీ క్యాన్ల మీద ఆవిడ బొమ్మ వెలిసింది. అమెరికాలో అమ్మే ఒక్కో క్యాన్‌లో 41 గ్రాముల చక్కెర, అంటే పది చెంచాలు. నడుము సన్నగా ఉంది కాబట్టి ఆ బొమ్మకు హెచ్చరిక అక్కర్లేదు కాబోలు.

ఆవిడ ఒక్కరే అయితే పోనీలే అనుకోవచ్చు. తిండి, పానీయాల కంపెనీలకు ప్రచారం చేసిన 65 మంది పాప్ తారల లెక్క తీసి 2016లో 'పీడియాట్రిక్స్' పత్రిక వేసింది. పానీయాల్లో 71 శాతం చక్కెర కలిపినవి. తిండిలో 81 శాతం పోషకాలు లేనివి. పళ్లకూ కూరగాయలకూ ఒక్క గొంతు కూడా దొరకలేదు.

సన్నదనానికి పాప్ ప్రపంచం ఎంత ఖరీదు కట్టిందో పాతవాళ్లకు తెలుసు. లావుగా ఉన్న గాయని కాస్ ఇలియట్ కఠినమైన డైటింగులు చేసి చేసి 1974లో గుండె ఆగి చనిపోతే, శాండ్‌విచ్ గొంతుకు అడ్డుపడిందని పుకారు పుట్టించారు. శవపరీక్షలో శ్వాసనాళంలో తిండి ఏమీ లేదని తేలినా లోకం ఏళ్ల తరబడి నవ్వుకుంది. సన్నగా ఉన్న గాయని కారెన్ కార్పెంటర్ తిండి మానేసే జబ్బు ముదిరి 1983లో పోయింది. ఇద్దరికీ 32 ఏళ్లే. కారెన్ ఒంటిని మెచ్చుకుంటే అమ్మాయిలు పాడైపోతారని హెచ్చరించిన గురువుగారు ఎవరూ చరిత్రలో తగల్లేదు.

అలాగని 'నీ ఒంటిని ప్రేమించుకో' బ్యాచీ పులుకడిగిన ముత్యమేం కాదు. 2014లో మేఘన్ ట్రైనర్ బొద్దుతనాన్ని పొగుడుతూ, సన్నవాళ్లకు రెండు చురకలు వేస్తూ పాడిన పాట ఎనిమిది వారాలు అమెరికాలో నంబర్ వన్. 2022లో లిజో కూడా ఒంటిని ప్రేమించుకోమంటూనే ఒంటిని బిగించి పట్టే లోదుస్తుల వ్యాపారం మొదలెట్టింది. 2025లో ట్రైనర్ తాను మౌంజారో అనే బరువు తగ్గించే సూది వాడినట్టు చెప్పి సన్నగా కనబడింది. ఆమె ఒళ్లు, ఆమె డాక్టరు, మనకెందుకు? కానీ తమాషా చూడండి: లావుగా ఉన్నప్పుడు తగ్గవేమన్నవాళ్లే తగ్గాక 'సూదితో తగ్గడం కూడా ఒక తగ్గడమేనా' అని మూతి విరిచారు. అభిమానులేమో మోసం చేసిందన్నారు.

ఆ సూది 2025 మార్చిలో మన దేశానికీ వచ్చింది, అవసరమూ ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం, తెలంగాణ మహిళల్లో 30 శాతం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నట్టు తేలింది. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు అబద్ధం కావు. మరి వీళ్లలో లిజో పేరు విన్నవాళ్లు ఎంతమందో కూడా సర్వేవాళ్లు అడిగి ఉండాల్సింది.

మన దగ్గర లావును ఎత్తిపొడిచే శాఖను మేనత్తలు చూసుకుంటారు. పెళ్లి పంక్తిలో మేనకోడలిని ఎగాదిగా చూసి, "ఏమే, ఇంత లావైపోయావేంటే!" అని నలుగురూ వినేలా అంటారు. ఆ నోటితోనే "ఇంకో బొబ్బట్టు వెయ్యవయ్యా, నెయ్యి ధారాళంగా పొయ్యి" అని వడ్డించే కుర్రాణ్ని కేకేస్తారు. ఆరువేల మందికి పైగా అమెరికన్లను నాలుగేళ్లు గమనించి 2013లో వేసిన అధ్యయనంలో, లావని వివక్షకు గురైనవాళ్లు ఊబకాయులయ్యే అవకాశం మిగతావాళ్ల కన్నా రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. ఆ లెక్కన హెచ్చరిక బోర్డు కట్టాల్సింది అత్తయ్యగారి మెడలో.

బ్రిటన్ మాత్రం పాటల జోలికి వెళ్లకుండా 2018లో తీపి పానీయాల మీద పన్ను వేసింది. పన్ను తప్పించుకోవాలని కంపెనీలు ముందే చాలా పానీయాల్లో చక్కెర తగ్గించేశాయి. కానీ ఇదంతా కష్టమైన పని. కంపెనీల వాళ్లకు కోపం వస్తుంది, లాయర్లు వస్తారు, ఎన్నికల చందాలు ఆగుతాయి. గాయనిని తిడితే ఇవేవీ ఉండవు. ఖర్చు లేదు, చెమట పట్టదు, పైగా ఆ తిట్టే కార్యక్రమానికి విరామంలో కూల్‌డ్రింకు ప్రకటన కూడా దొరుకుతుంది.