సరంగు వయసు 36

ఖమ్మంలో ఏ సెంటర్లో తలెత్తినా ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. పైన ర్యాంకుల ఫొటోలు, కింద ఒక హామీ: మా మెటీరియల్ దాటి ఒక్క బిట్టు కూడా రాదు. భద్రాద్రి రాముడు కూడా ఇంత గట్టి హామీ ఎవరికీ ఇచ్చిన దాఖలా లేదు. తన గుడి కట్టించిన రామదాసు బాకీ తీర్చడానికే ఆయనకు పన్నెండేళ్లు పట్టిందంటారు.

ఆ ఫ్లెక్సీని నమ్ముకుని చర్ల నుంచి, దుమ్ముగూడెం నుంచి ట్రంకు పెట్టెలు మోసుకుని పిల్లలు హాస్టళ్లలో దిగుతారు. రెండేళ్లపాటు మోడళ్లు నేర్చుకుంటారు. పైపుల మోడల్, పడవల మోడల్, వయసుల మోడల్. లెక్కను మొత్తం చదవడం టైం వేస్టు, చూడగానే ఏ మోడలో పసిగట్టాలి. పసిగట్టలేకపోతే? దానికీ మందుంది. ‘అది అవుట్ ఆఫ్ సిలబస్, వదిలెయ్!’

నిజమే, ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పేపర్లో 180 నిమిషాలకు 160 బిట్లు, అందులో 80 లెక్కలే. ఆ పరుగులో తెలిసిన బిట్టును చిటికెలో చేసేయాల్సిందే. షార్ట్‌కట్‌తో నాకు పేచీ లేదు. తెలియని లెక్క ఎదురైనప్పుడు దాని మొహం కూడా చూడకుండా జవాబు పెట్టించే విద్య ఉందే, నా పేచీ అంతా దానితోనే.

1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్లో బడిపిల్లల ముందు ఒక తమాషా లెక్క పెట్టారు. దాన్ని మన గోదావరిలోకి దింపితే ఇలా ఉంటుంది: పోచవరం రేవులో లాంచీ ఎక్కినవి 26 గొర్రెలు, 10 మేకలు. సరంగు వయసెంత? అక్కడి పిల్లల్లో ఎక్కువమంది ఉన్న అంకెలతోనే లెక్క కట్టి ఏదో ఒక వయసు చెప్పేశారు. మనవాళ్లకు అంత శ్రమ కూడా అక్కర్లేదు, ఆప్షన్లు ఉంటాయి కదా: 16, 26, 36, 260. ఎలిమినేషన్ సార్ బోర్డు మీద చకచకా కొట్టేస్తారు. 260 ఏళ్ల మనిషి లోకంలో లేడు. 16 ఏళ్లవాడి చేతికి లాంచీ ఇస్తే పోలీసు కేసు. 26 ప్రశ్నలోనే ఉంది కాబట్టి అది ఎర. మిగిలింది 36, టిక్కు పెట్టు, తర్వాతి బిట్టుకు పద. అసలు ఆ ప్రశ్నకు జవాబే లేదని తెలియాలంటే ముందు ప్రశ్న చదవాలి. అంత తీరిక ఎవరికుంది?

ఈ టిక్కుల గణితంలో ఇంకో ముచ్చట ఉంది. ఎప్‌సెట్‌లో మైనస్ మార్కులు లేవు, ప్రతి బిట్టుకూ నాలుగు ఆప్షన్లు. లాంచీలోని మేకను తెచ్చి కంప్యూటర్ ముందు కూచోబెట్టి 160 బిట్లకూ తోచింది నొక్కించినా సగటున 40 మార్కులు పడతాయి. జనరల్ అభ్యర్థికి అర్హత మార్కులు 25 శాతం, అంటే సరిగ్గా 40. మేకకు హాస్టల్ ఫీజు కూడా ఉండదు.

మరి ఏ మోడల్‌కూ చిక్కని లెక్క ఎదురైతే? సంక్రాంతికి ఊళ్లో కబడ్డీ పోటీలు పెట్టారనుకోండి. 73 జట్లు వచ్చాయి. ఓడిన జట్టు ఇంటికే. ఫైనల్‌తో కలిపి మొత్తం ఎన్ని ఆటలు? మన మోడల్ విద్యార్థి 73ను సగం చేసి, 36న్నర దగ్గర ఆగిపోయి, ఆ అర జట్టును ఏం చేయాలో తోచక నోట్సు గుర్తు చేసుకుంటాడు. నోట్సులో కబడ్డీ లేదు. కోర్టు గీత పక్కన కూచుని బీడీ కాల్చే పెద్దాయన్ని అడగండి. ఆటకో జట్టు ఇంటికి పోతుంది, చివరికి ఒక్కటే మిగలాలి, అంటే 72 జట్లు పోవాలి, 72 ఆటలు. అంతే. రెండు జట్లయితే ఎన్ని, మూడయితే ఎన్ని అని చిన్నగా మొదలుపెట్టినవాడూ కాస్త ఆలస్యంగా అక్కడికే చేరతాడు. హంగరీలో పుట్టిన పోల్యా 1945లో ‘హౌ టు సాల్వ్ ఇట్’ అని ఇదే విద్య మీద పుస్తకం రాశాడు. ఏమడిగారు, ఏమిచ్చారు, ఇలాంటిదే చిన్నది చేసి చూడొచ్చా, వచ్చిన జవాబు అసలు కుదురుతుందా అని అడుగుకో ప్రశ్న. మన సార్ల లెక్కలో ఈ నాలుగూ టైం వేస్టే.

భద్రాచలంలో ఈ విద్యకు కరువేమీ లేదు. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 దాటింది, 1986లో 75.6 దాకా పోయింది. లోతట్టు కాలనీలో ఇల్లాలికి రాత్రి పూట ఒక లెక్క ఎదురవుతుంది: బియ్యం బస్తా అటకెక్కిస్తే చాలా, పిల్లల్ని తీసుకుని ఇల్లు వదలాలా? 43 నుంచి 48కి పది గంటలు పట్టింది కాబట్టి 53కి ఇంకో పది గంటలు పడుతుందని త్రైరాశికం వేసేది కోచింగ్ బుర్ర. ఆవిడ అలా వేయదు. ఎగువన పేరూరు దగ్గర నీళ్లెంత ఉన్నాయో అడుగుతుంది. తాలిపేరు గేట్లు ఎన్ని ఎత్తారో కనుక్కుంటుంది. దిగువన కూనవరం దగ్గర శబరి పొంగి గోదారిని ఎగదన్నుతోందా అని ఆరా తీస్తుంది. ఆ తర్వాతే మూటలు కడుతుంది. మైనస్ మార్కులున్న పరీక్ష అది. ఆమె కొడుకు మాత్రం ఖమ్మం హాస్టల్లో సరంగు వయసుకు టిక్కు పెడుతున్నాడు.

పాపం, పిల్లల్నే అనడం దేనికి? దేశదేశాల బడిపిల్లలకు పెట్టే పీసా పరీక్షకు 2009 వరసలో మన దేశం తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లల్ని కూచోబెట్టింది. రెండు రాష్ట్రాలూ అట్టడుగున తేలాయి. ప్రశ్నలు మన పిల్లల పరిసరాలకు తగ్గట్టు లేవని ఢిల్లీ పెద్దలు తేల్చి, ఆ తర్వాతి వరసలకు పోవడమే మానేశారు. పచ్చి తెలుగులో చెప్పాలంటే, అవుట్ ఆఫ్ సిలబస్.

అయినా ఒక మనవి. వచ్చే ఆదివారం గ్రాండ్ టెస్టులో ఆప్షన్లు లేని ప్రశ్న ఒక్కటి పెట్టండి. ఏ మోడల్‌కూ చెందనిది. పావుగంట టైమిచ్చి, జవాబు రాకపోయినా ఏమేం ప్రయత్నించారో రాయమనండి, ఆ ప్రయత్నానికే మార్కులు వేయండి. తర్వాత జరిగేది నేను ఇప్పుడే చెప్పగలను. సోమవారం పొద్దున్నే తండ్రులు రిసెప్షన్ ముందు నిలబడి ‘ఇది ఏ చాప్టర్లోదండీ?’ అని నిలదీస్తారు. మంగళవారానికల్లా ఆ ప్రశ్న ‘కొత్త మోడల్ - 1’ అయిపోతుంది. షార్ట్‌కట్‌తో సహా జిరాక్స్ కాపీ నలభై రూపాయలు.