సియోల్ వెళ్లినవాళ్లకు కనిపించని కొరియా

ఈ మధ్య పాలమూరు వైపు మైకు దొరికితే చాలు, కొరియా ఊడిపడుతోంది. వనపర్తిలో కాలేజీ వార్షికోత్సవమైనా, నాగర్‌కర్నూల్‌లో ర్యాంకర్ల సన్మానమైనా ఉపన్యాసం ఒకటే. "అరవైల్లో కొరియా మనలాంటి పేద దేశమే. పిల్లలు రాత్రింబవళ్లు చదివారు, దేశం సామ్‌సంగ్ అయింది. మీరేమో ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు!" ఆ ఫోన్లు కూడా సామ్‌సంగ్‌వే కదా అని వెనక బెంచీ అడగదు.

సర్కారుకూ అదే మోజు. 2024 ఆగస్టులో తెలంగాణ ముఖ్యమంత్రి సియోల్ వెళ్లొచ్చారు. అక్టోబరులో మంత్రులు, అధికారులు, విలేకరులు కట్టకట్టుకుని వెళ్లి, హైదరాబాద్‌లో మూసీ నదిని బాగుచేయడం కోసం అక్కడి నదుల్ని చూసొచ్చారు. చూడ్డం తప్పేం కాదు. కాకపోతే మనవాళ్ల కంటికి అద్దాల మేడలూ, ఏటి ఒడ్డు నడకదారులూ ఆనతాయి గానీ 1950 ఆనదు.

జపాను వాళ్లు 1945లో పోయేనాటికి కొరియాలో చదవను రాయను వచ్చినవాళ్లు పావు వంతు కూడా లేరు. ఆ దేశం ముందుగా కోచింగ్ సెంటర్లు పెట్టలేదు, 1950లో భూమి పంచింది. ఇంటికి ఏడున్నర ఎకరాలకు మించి సాగుభూమి ఉండకూడదంది. మన 1973 చట్టమేమో మెట్ట భూమి 54 ఎకరాల దాకా ఉంచుకోనిచ్చింది. ఆపైన ఉన్నది జీతగాళ్ల పేర్ల మీదా, పుట్టని మనవల పేర్ల మీదా సర్దుకుంది. కాస్త చెక్క చేతికొచ్చిన కొరియా రైతు, కొడుకును చేను మాన్పించి బడికి పంపగలిగాడు. కొరియా యుద్ధం ఆగిన ఆరేళ్లకే, 1959కల్లా, అక్కడ ఈడొచ్చిన పిల్లలు దాదాపు అందరూ ప్రాథమిక బడిలో ఉన్నారు. ఈ ముక్క ఉపన్యాసంలో రాదు. వస్తే వేదిక మీది పెద్దమనుషులు సగం మంది కుర్చీల్లో ఇబ్బందిగా కదులుతారు.

మనకు నచ్చిందల్లా హగ్వాన్, అంటే అక్కడి ట్యూషన్ దుకాణం. దాని బాధ పడలేక 1980లో కొరియా ప్రైవేటు ట్యూషన్లనే నిషేధించింది. 2000లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఇప్పటికీ సియోల్‌ హగ్వాన్లలో రాత్రి పది దాటాక పాఠం చెప్పకూడదు. చదివించే ఖర్చు తలుచుకునే చాలామంది దంపతులు పిల్లలే వద్దంటున్నారు. 2023లో అక్కడ జననాల రేటు స్త్రీకి సగటున 0.72. పొద్దస్తమానం చదివించే ఈ విద్యలో అయితే కొరియాకు మనమే గురువులం. మన కార్పొరేట్ హాస్టల్లో తెల్లారి ఐదింటికి స్టడీ అవర్ మొదలైతే రాత్రి పది దాకా సాగుతుంది, అడిగే నాథుడు లేడు.

ఇక మన పాలమూరు వైపే ఉన్న గద్వాల సంగతి. ఇప్పటి జిల్లా లెక్కన చూస్తే, 2011 జనగణనలో ఇక్కడ అక్షరాస్యత సగానికి కూడా చేరలేదు. రాష్ట్రంలో అట్టడుగు. అలాగని ఇక్కడి పిల్లలు కష్టపడరనకండి. ఒకసారి సీడు పత్తి చేలో క్రాసింగ్ చూడండి. సాయంత్రం మొగ్గను గోటితో గిల్లి, కీలం చెదరకుండా పుప్పొడి తిత్తుల్ని ఊడదీయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఇలా రోజూ, వరసకు వరస. మొక్క ఎత్తుకు పిల్లల ఎత్తు సరిపోతుందట, చిన్నవేళ్లయితే మొగ్గ చెడదట, కూలి కూడా తక్కువట! ఆ నెలల్లో పంతులు పేరు పిలిస్తే బడి పలకదు, చేను పలుకుతుంది. ఓర్పు, క్రమశిక్షణ, గంటల తరబడి వంచిన తల ఎత్తకపోవడం... ఉపన్యాసకులు మెచ్చే కొరియా గుణాలన్నీ ఇక్కడే ఉన్నాయి, బడి తప్ప.

ఏటా నవంబరులో కొరియాలో కాలేజీ ప్రవేశ పరీక్ష జరుగుతుంది. అందులో ఇంగ్లీషు విని రాసే అరగంట పైచిలుకు దేశంలో ఏ విమానమూ పైకి లేవదు, కిందికి దిగదు. గద్వాలకు ఎటూ విమానం రాదు కాబట్టి ఆ చిక్కు లేదు. పొద్దున్నే పిల్లల్ని కుక్కుకుని సీడు చేలకు పోయే ఆటోను ఆపితే చాలు. ఆపిన అధికారిని, "మరి ఇయ్యాల్టి కూలి ఎవరిస్తరు సారూ?" అని తల్లి నిలదీస్తుంది. అప్పుడాయన ఏడున్నర ఎకరాల సంగతి ఎత్తాలి, లేదంటే ఆటోకు దారివ్వాలి.