నేను డైమార్ఫాస్‌ని

నా పేరు డైమార్ఫాస్. నేనొక గ్రహశకలాన్ని. సుమారు 160 మీటర్ల వెడల్పున్న రాళ్ల కుప్పని. నాకంటే దాదాపు అయిదు రెట్లు పెద్దదైన డిడిమోస్ చుట్టూ తిరగడమే నా బతుకు. మనుషులు 1996లో డిడిమోస్‌ను కనిపెట్టారు. దాని వెలుగు మాటిమాటికీ తగ్గడం చూసి 2003లో నన్నూ పసిగట్టారు. మా వల్ల భూమికి ముప్పు లేదు. అందుకే గ్రహశకలాన్ని ఢీకొట్టి దారి మళ్లించే ప్రయోగానికి నన్ను ఎంచుకున్నారు.

2022 సెప్టెంబరు 27. భారత కాలమానం ప్రకారం తెల్లవారుజామున 4 గంటల 44 నిమిషాలు. భూమికి కోటీ పది లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న నన్ను నాసా పంపిన డార్ట్ నౌక ఢీకొంది. దాని బరువు 600 కిలోల లోపే. వేగం మాత్రం సెకనుకు ఆరు కిలోమీటర్ల పైమాటే. చివరి నాలుగు గంటలూ అది తన కెమెరాతో చూసుకుంటూ దారిని తానే సరిదిద్దుకుంది. ఆ దెబ్బకు నా ఒంటి నుంచి రాళ్లూ ధూళీ ఎగజిమ్మాయి. అవి పోతూ పోతూ నన్ను వెనక్కి తన్నిన బలం నౌక కొట్టిన దెబ్బకంటే ఎక్కువ. 11 గంటల 55 నిమిషాలు పట్టే నా ప్రదక్షిణ అరగంటకు పైగా తగ్గిపోయింది. 73 సెకన్ల మార్పు వచ్చినా చాలనుకున్నారు వాళ్లు! ఒక ఖగోళ వస్తువు నడకను మనిషి కావాలని మార్చడం అదే మొదటిసారి.

నన్ను ఎన్నో ఏళ్ల ముందే గుర్తించారు కాబట్టే గురి చూసి కొట్టగలిగారు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద పేలిన శకలం వెడల్పు 20 మీటర్లే. సూర్యుడి వైపు నుంచి రావడంతో అది ఎవరి కంటా పడలేదు. పగిలిన అద్దాలు గుచ్చుకుని వెయ్యిమందికి పైగా గాయపడ్డారు. భూమికి దగ్గరగా తిరిగే, 140 మీటర్లు దాటిన నా చుట్టాల్లో సగానికి పైగా ఇంకా మీకు దొరకనే లేదు. వాటిని వెతికేందుకు తలపెట్టిన నియో సర్వేయర్ టెలిస్కోపు నిధుల కోతతో వెనకబడింది.

డార్ట్‌కు సుమారు 32 కోట్ల డాలర్లు ఖర్చయింది. ఒక నగరం ప్రాణాల ముందు అదెంత? ముప్పును ఏళ్ల ముందే కనిపెడితే చిన్న తోపు చాలు. ఆలస్యమైతే ఏ నౌకా కాపాడలేదు. కాబట్టి వెతికే కళ్లకు ముందు డబ్బివ్వండి.