దశాంశ మాహాత్మ్యము

అమెరికా దేశమున పట్టిన నడుమునకును, బిగిసిన మోకాలికిని, పక్షవాతముచే పడిపోయిన చేతికిని వ్యాయామముతోను హస్తస్పర్శతోను చికిత్స చేయు విద్యను నేర్పు కళాశాలలు అనేకము కలవు. వానిలో ప్రవేశింపగోరు విద్యార్థి ముందుగా డిగ్రీ పూర్తిచేసికొని, అటుపైన సుమారు మూడేండ్లు చదివి, డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ యను పట్టము పొందవలయును. ఇంతవరకు ఆక్షేపింపదగిన దేమియు లేదు. అయితే, డిగ్రీలో తెచ్చుకొనిన గ్రేడుల సగటు, అనగా జీపీఏ, 4కు 2.8 మాత్రమే యయిన పిల్లవాని గతి యేమని అడిగినవారికి, తాము సంఖ్యను గాక మనిషిని చూచెదమనియు, తమది సమగ్ర పరిశీలన యనియు ఆ విద్యాలయములు ఏకకంఠముగా ప్రకటించుచుండును. సమగ్ర పరిశీలన! ఆ పదబంధమందలి ఔదార్యమునకు నాకు కన్నులు చెమర్చినవి. వానిని తుడుచుకొని దరఖాస్తు నియమములు చదువ నారంభించితిని.

మనిషిని చూచు కమిటీవారు మేడమీద కొలువుతీరియుండగా, మెట్ల మొదట 3.0 అను ద్వారపాలకు డొకడు దండము పట్టుకొని నిలుచుండుట అనేక కళాశాలలలో ఆచారము. 3.01 గలవాడు పైకి పోయి తన కరుణను, సహనమును, సేవాతత్పరతను విన్నవించుకొనవచ్చును, 2.99 గలవానికి అవన్నియు నిండుగా నుండినను చూచువారుండరు. ఈ రెండు సంఖ్యల నడిమి ఇరుకు సందులో మానవత్వ మెట్లు మొలకెత్తునో పరమాణువులను లెక్కించిన కణాదమహర్షికి సైతము అంతుపట్టియుండదు. పోనిండు, ద్వారము దాటిన మాత్రమున కార్యము ఫలించునా యనిన, సీటు దొరికినవారి సగటు మూడున్నర చుట్టుపట్ల నుండును గనుక, 3.0తో పైకి పోయినవానికి మేడ చూచిన పుణ్యము మాత్రము దక్కుచున్నది.

2.8 గలవానికి విధింపబడిన ప్రాయశ్చిత్త మెట్టిదో లెక్కవేసి చూతము. అమెరికాలో డిగ్రీకి సాధారణముగా 120 క్రెడిట్లు. వానిమీద 2.8 సగటు తెచ్చుకొనినవాడు దానిని 3.0 చేయదలచినచో, ఒక్కచోటను తొట్రుపడక అన్నిటను ఏ గ్రేడు తెచ్చుకొనుచు మరి 24 క్రెడిట్లు చదువవలయును. అది దాదాపొక సంవత్సరపు చదువు. కాదు, సీటు దొరకువారి సరసన నిలిచెదనని 3.5 కోరెనా, 168 క్రెడిట్లు చదువవలయును. మొదటి డిగ్రీకంటె పెద్దదైన రెండవ డిగ్రీ, అదియు కళంకమెరుగని ఏ గ్రేడులతో! అట్లు చదువగలిగిన మహానుభావునకు మొదట 2.8 ఎందుకు వచ్చెనని మరియొక కమిటీని వేయవలసియుండును. ఉప్పు పడిన పాయసమున పాలు పోసి రుచి దిద్దబోవు ఇల్లాలు, గిన్నె చాలక గంగాళము తెచ్చుకొనినట్లున్నది ఈ సవరణ.

ఇందులో మరియొక సూక్ష్మము కలదు. పదునెనిమిదేండ్ల ప్రాయమున, పెద్దల పోరు పడలేక కెమిస్ట్రీ తరగతిలో కూర్చుండి సీ గ్రేడు తెచ్చుకొనిన పిల్లవాడు, ఇరువదిరెండవ యేట బుద్ధి తెచ్చుకొని అదే కెమిస్ట్రీని మరల చదివి ఏ గ్రేడు సంపాదించె ననుకొనుడు. అతని కళాశాల పాత గ్రేడును కొట్టివేసి క్రొత్తదానిని నిలుపవచ్చును. కాని దరఖాస్తులను స్వీకరించు పీటీక్యాస్ అను కేంద్ర వ్యవస్థ మాత్రము రెండింటిని కలిపియే సగటు తీయును. చిత్రగుప్తుని చిట్టాలో పశ్చాత్తాపమునకు కొంత చోటున్నదని మన పురాణములు చెప్పుచుండగా, ఈ చిట్టాలో దానికి అర పాయింటు మినహాయింపైనను లేదు. చివరి 60 క్రెడిట్లను ప్రధానముగా చూచు కళాశాలలు కొన్ని లేకపోలేదు. అట్టివానికి నా నమస్కారము.

ఈ దశాంశోపాసన మన తెలుగువారికి క్రొత్తదని యనజాలను. ఎంసెట్టు ర్యాంకును బట్టి పిల్లవాని బుద్ధిని, బుద్ధిని బట్టి వంశమును, వంశమును బట్టి కట్నమును నిర్ణయించిన జాతి మనది. న్యూజెర్సీలోనో టెక్సాసులోనో స్థిరపడిన మన కుటుంబములలో, మెడిసిను రాని పిల్లవానికి ఫిజికల్ థెరపీ యొక ఉపశాంతి. పేరునకు ముందు డాక్టరు అని యుండిన చాలును, ఏ డాక్టరని శుభలేఖలో ఎవ్వరును అడుగరు. ఆ ఉపశాంతి సైతము మూడున్నర అడుగుచున్నదని తెలిసిన రోజున ఆ తల్లి, "ఏమిట్రా, కాళ్లు పట్టడానికి కూడా ఫస్టుక్లాసు రావాలా?" అని యడిగిన అడుగును. ప్రశ్నలో వృత్తిపట్ల గౌరవలోపమున్న మాట నిజము. జవాబు చెప్పుట కష్టమన్న మాటయు నిజము.

సంఖ్య గానిదేదైనను ఈ పరిశీలనలో నుండకపోదని వెదకగా, పరిశీలన గంటలు కనబడినవి. విద్యార్థి క్లినిక్కులో గంటల తరబడి నిలిచి, చికిత్స జరుగు తీరును కన్నులార చూచినట్లు దరఖాస్తులో లెక్క చూపవలయును; అనేకచోట్ల లైసెన్సుగల థెరపిస్టు దానిని ధ్రువీకరింపవలయును. ఇదియు సంఖ్యయే యనుట వేరుమాట. అక్కడ ఆ పిల్లవాడు చేయు పని యేమి? రోగి లేచిపోయిన బల్లమీద మందునీళ్లు చల్లి కాగితపు టవలుతో తుడుచును. ఉతికి వచ్చిన టవళ్ల గుట్టను అంచుకు అంచు కలిపి మడతపెట్టును. ఉడుకునీటి తొట్టిలోనుండి కాపడపు సంచిని పటకారుతో పైకెత్తి, నీరు కారనిచ్చి, తువ్వాళ్ల పొరలలో చుట్టి థెరపిస్టుచేతి కందించును. ఇంతమాత్రమునకు విద్య రాదని పరిహసింపబోయి నేనే ఆగితిని. ఏలయన, ప్రక్క బల్లమీద మోకాలు మార్పించుకొనిన ముసలమ్మ పండుకొనియున్నది. థెరపిస్టు ఆమె మడమ క్రింద అరచేయి నుంచి, రెండవచేతితో తొడను పట్టి, మెల్లగా, మరియు మెల్లగా వంచుచున్నాడు. ఆమె పిడికిలి దుప్పటిమీద బిగిసినచోట ఆగుచున్నాడు. ఊపిరి విడిచినపుడు మరికొంత వంచుచున్నాడు. కొలబద్ద నానించి చూడగా, మొన్న 80 డిగ్రీలు వంగినది నేడు 85 వంగినది. ఆ అయిదు డిగ్రీల కొరకు ఆ చేయి ఎక్కడ ఆగవలెనో తెలిసికొనిన జ్ఞానము టవలు మడతపెట్టుచున్న పిల్లవాని కన్నులలో పడినదో లేదో, దానిని తెలిసికొనుటయే సమగ్ర పరిశీలన. కాని ఫారములో అందులకు గడి లేదు; గంటలెన్ని యని మాత్రమున్నది.

ఆ గంటలను జీతము లేక దానము చేయగలవారెవరు? తండ్రి యిచ్చిన కారులో క్లినిక్కునకు పోయి, సాయంకాలమునకు ఇల్లుచేరి భోజనము చేయు బిడ్డ చేయగలడు. రాత్రివేళ హోటలులో గిన్నెలు కడిగి ఫీజు కట్టుకొనుచు, ఆ నిద్రమత్తులోనే కెమిస్ట్రీ పరీక్ష వ్రాసి సీ తెచ్చుకొనినవాడు చేయలేడు. అనగా ఏ పని మూలమున వానికి మార్కులు తగ్గినవో ఆ పనియే వానికి గంటలను సైతము తగ్గించును. మార్కుల లోటును అనుభవముతో పూరించుకొనుమని సలహా యిచ్చు పెద్దలు ఈ సంగతి నెరుగరని నేననను. ఎరిగియు, దానిని గూర్చి వ్యాసమున వ్రాసికొనుమందురు.

ఔను, వ్యాసము! దరఖాస్తుతోపాటు అభ్యర్థి తన హృదయమును కొన్నివేల అక్షరములకు మించకుండ విప్పి చూపవలయును. ఫుట్‌బాలులో తెగిన లిగమెంటు కథ యీ వ్యాసములలో ఎంత అరిగిపోయినదనగా, ఇట్టి వ్యాసములు దిద్ది రుసుము పుచ్చుకొను సలహాదారులే దానిని వలదని హెచ్చరించుచుందురు. మనవారి పిల్లలైనచో కూచిపూడి యరంగేట్రమునకు ముందు మడమ బెణుకును. లేనిచో బామ్మకు పక్షవాతము తప్పదు. ఏ అవయవమునకును అపాయము కలుగని ఆరోగ్యవంతుడు ఈ రంగమున నిజముగా అనాథ. వానికి 2.8 తోడైనచో జాతకముననే దోషమున్నదని చెప్పవలయును. దుఃఖమునుండి గుణపాఠము తీసి, గుణపాఠమునుండి నాయకత్వ లక్షణమును తీసి, చివరి పేరాలో మార్కుల ప్రసక్తి రానిచ్చి, దానికి బాధ్యత వహించుచునే బాధ్యత తనది కాదని ధ్వనింపజేయు ఆ రచనా విధానమును నేర్పుటకు గంటల లెక్కన పుచ్చుకొనువారున్నారు. అలంకారశాస్త్రమునకు ఇంతటి ఆదరణ భోజుని కాలముననైన నుండెనో లేదో.

న్యాయము చెప్పవలయును గనుక కళాశాలల పక్షమును వినిపింతును. వానికి గుర్తింపు నిచ్చు క్యాప్టే యను సంస్థ, రెండేండ్ల సగటున కనీసము 85 శాతము పట్టభద్రులు లైసెన్సు పరీక్షలో తుదకు ఉత్తీర్ణులు కావలెననియు, చేరినవారిలో 80 శాతము మంది చదువు ముగింపవలెననియు నియమము పెట్టినది. చేరినవాడు తప్పినచో నష్టము కళాశాల గుర్తింపునకు. అందుచేత వారు అనుమానమున్న పిల్లవానిని ముందే వదలించుకొందురు. మార్కులకును పరీక్షకును కొంత పొత్తున్నమాట నేను కాదనను. ఇది భయము, దీనిని భయమని చెప్పినచో నాకు జగడము లేదు. మనిషిని చూచుట యని చెప్పినందుననే ఈ వ్యాసము. తీరా ఆ లైసెన్సు పరీక్షయో, 200 మొదలు 800 వరకుగల కొలతలో 600 వచ్చినవాని నెల్ల సమానముగా లోనికి రానిచ్చును. హైదరాబాదులోనో విజయవాడలోనో నాలుగున్నరేండ్లు బీపీటీ యను ఫిజియోథెరపీ డిగ్రీ చదివి, కాగితములన్నియు మూల్యాంకనము చేయించుకొని సముద్రము దాటిన మన పిల్లవాడును ఆ పరీక్షయే వ్రాయును.

ఈ విద్యకు మూలమాతలయిన స్త్రీలను ఈ ఫారముముందు నిలిపి చూడవలయునని నాకొక దుర్బుద్ధి పుట్టినది. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధమున దిగి, గాయపడిన సైనికులు ఓడలలో తిరిగి రాసాగగా, వారి చేతులు కాళ్లు మరల పనిచేయించుటకు పునర్నిర్మాణ సహాయికలను పేర స్త్రీలను చేర్చుకొని, కొన్ని మాసముల శిక్షణతోనే ఆసుపత్రులకు పంపిరి. వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో పనిచేసిన మేరీ మెక్‌మిలన్ 1918లో పోర్ట్‌లండు నగరపు రీడ్ కళాశాలలో అట్టి తరగతులు నడిపినది. 1921లో ఏర్పడిన వృత్తి సంఘమునకు తొలి అధ్యక్షురాలైనది. రెండవ ప్రపంచ యుద్ధమున మనీలాలో జపానువారికి బందీయై, నిర్బంధ శిబిరములోను రోగులకు ఈ సేవయే చేసినది. పీటీక్యాస్‌లో చూపదగిన సగటు ఆమెకు లేదు. అటుపైన సర్టిఫికెట్టు డిగ్రీయైనది, డిగ్రీ మాస్టర్సు అయినది, 1993లో క్రైటన్ విశ్వవిద్యాలయము ఈ వృత్తిలో అడుగిడువారిని నేరుగా డాక్టరు పట్టమునకే చేర్చుకొన నారంభించినది, 2016 నాటికి డాక్టరు పట్టమొక్కటే మార్గమైనది. ఈ శతాబ్దకాలమున శాస్త్రము పెరిగిన మాట వాస్తవమే. మోకాలు మాత్రము వెనుకటివైపే వంగుచున్నది.

ఇంతటి తపస్సు ఫలించి సీటు దొరకినవానికి లక్ష డాలర్లు దాటిన అప్పు ప్రసాదముగా లభించుట సామాన్యము. 2024లో ఈ వృత్తివారి మధ్యస్థ వార్షిక వేతనము లక్ష డాలర్ల పైచిలుకు గనుక, వడ్డీతో కొంతకాలము కలిసి బ్రతుకవచ్చును. అప్పు మాత్రము సులభముగా పుట్టునా? 2025లో అమెరికా ప్రభుత్వము చేసిన చట్టము ప్రకారము, 2026 జులై నుండి వృత్తి పట్టములు చదువువారికి ఏటికి 50,000 డాలర్ల వరకు ప్రభుత్వ ఋణమును, తక్కిన పై చదువులవారికి 20,500 డాలర్ల వరకును నిర్ణయింపబడినది. ఏవి వృత్తి పట్టములని తేల్చుటకు కూర్చున్న కమిటీ 2025 నవంబరులో ఒప్పుకొనిన ముసాయిదాలో వైద్యమున్నది, న్యాయశాస్త్రమున్నది, వెన్నుపూసలు విరిచి సరిచేయు కైరోప్రాక్టిక్ ఉన్నది, దైవశాస్త్రమున్నది. ఫిజికల్ థెరపీ లేదు. మూడున్నర సగటు, గంటల లెక్క, తెగిన లిగమెంటు అన్నియు సమర్పించి డాక్టరైనవాడు చేయునది వృత్తి కాదని ఆ పెద్దలు తేల్చిరి. దినమెల్ల కుర్చీలలో కూర్చుండి అంత పొడుగు జాబితా తయారుచేసినవారిలో ఎవరికైన నడుము పట్టియుండిన యెడల, తమ నిర్ణయమును గౌరవించి తిన్నగా దైవశాస్త్ర పట్టభద్రుని యొద్దకే పోయియుందురని నమ్ముచున్నాను.