ఒక విడిదిపద్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

కాలిఫోర్నియా రాష్ట్రమున సియెర్రా నెవాడా పర్వతశ్రేణికి తూర్పుమొగమున, 9,943 అడుగుల యెత్తునగల టయోగా కనుమను దాటి మోనో సరస్సు వైపునకు దిగు త్రోవలో, లీవైనింగ్ అను ఏటి యొడ్డున, పట్టుమని ఇరువది గుడారములకైనను చోటు చాలని చిన్న విడిది యొకటి కలదు. శీతకాలమున ఆ కనుమత్రోవ మంచుక్రింద మూతపడి, మే నెలాఖరునకో జూనునకో, మంచు హెచ్చిన యేట జూలైకో గాని తెరువబడదు గనుక, ఆ విడిదికి సంవత్సరమున నాలుగైదు నెలలే ఆయుర్దాయము. అచ్చట అద్దె వసూలుచేయు గుమాస్తా లేడు. ముంగిట నొక బోర్డు, దాని క్రింద కాగితపు కవరులు, దారమున వ్రేలాడు బొటనవ్రేలంత పెన్సిలుముక్క, ప్రక్కనే నేలలో పాతిన లావుపాటి ఇనుపగొట్టము, ఇంతియే కచేరి. వచ్చినవాడు తన కారునంబరును, ఉండబోవు రాత్రుల సంఖ్యను కవరుపై వ్రాసి, సొమ్ము లోనుంచి, అంచుననున్న చీటిని చింపి తన చోటిగుంజకు తగిలించి, కవరును గొట్టపు సందులో జారవిడువవలెను. ప్రస్తుత పద్యము అట్టి కవరొకదాని వెనుకవైపున, ఆ పెన్సిలుముక్కతోడనే వ్రాయబడి, సొమ్ము మాత్రము లేక, బల్లక్రింద దొరకినది. కర్త పేరు తెలియదు. పచ్చళ్ళ ప్రస్తావననుబట్టి తెలుగువాడనుట నిర్వివాదము. సిలికాన్ వ్యాలీలో కంప్యూటరు కొలువు చేయుచు, వేసవి సెలవులలో సకుటుంబముగ కొండలకెక్కు మనవారిలో నొకడై యుండును.

తే.గీ.
ఏటి చెంతను బటగృహ మేర్పఱచుచుఁ
గూడు గూరలు పచ్చళ్ళు గూర్చి యినుప
పెట్టెఁ దాఁచి భల్లూకంపు భీతితోడ
రాత్రియెల్లను మేల్కాంచు రసికుఁ దలఁతు.

టీక

ఏటి చెంతను = సెలయేటి దరిని; పటగృహము = గుడ్డతో నైన యింటిని, అనగా టెంటును; ఏర్పఱచుచున్ = నిలుపుచు; కూడు = అన్నమును; కూరలు = వ్యంజనములను; పచ్చళ్ళు = ఆవకాయ మున్నగువానిని; కూర్చి = ఒకచో చేర్చి; ఇనుపపెట్టెన్ = ఇనుముతో చేసిన పెట్టెయందు; దాఁచి = భద్రపఱచి; భల్లూకంపు భీతితోడన్ = ఎలుగుబంటి భయముతో; రాత్రియెల్లను = రేయంతయు; మేల్కాంచు = నిద్రలేకయుండు; రసికున్ = సరసుని; తలఁతున్ = స్మరింతును.

తాత్పర్యము

ఏటియొడ్డున గుడారము వేసికొనుచు, తినుబండారములన్నియు ఇనుపపెట్టెలో మూసి, ఎలుగుబంటి వచ్చునేమో యను బెదురుతో తెల్లవార్లు కన్నుమూయని సరసుని తలచుచున్నాను అని భావము. బాలురకు ఇంతమాత్రము చాలును. ప్రౌఢులకొరకు విశేషములు వ్రాయబడుచున్నవి.

విశేషములు

‘ఏటి చెంతను’ — గంగలో గొల్లపల్లె యున్నదని చెప్పి, గంగయనగా గంగయొడ్డని గ్రహింపవలెనని ఆలంకారికులు లక్షణకు ఉదాహరణ మిత్తురు. ఒడ్డనక గంగయనుటకు ప్రయోజన మేమన, ఆ పల్లెకు గంగకుగల శైత్యపావనత్వములు సంక్రమించుట. మన కవి తిన్నగా ‘చెంతను’ అనియే చెప్పినను ఆ రెండు ప్రయోజనములను ఇచ్చట పరీక్షింపవలసియున్నది. శైత్యమునకు కొదువలేదు. ప్రొద్దు గ్రుంకగనే కొండచరియలమీది గాలి చల్లబడి, బరువెక్కి, పల్లమునకు జారి, ఏటివెంబడి మడుగుకట్టును గనుక, ఏటియొడ్డు ఆ లోయ యంతటిలోను మిక్కిలి చలిగల చోటు. జూలై మాసమునందైనను తెల్లవారుజామున బిందెలోని నీటిపై పలుచని మంచుపొర కట్టుట వింతగాదు. ఇక పావనత్వము సంగతి వేఱు. అడుగున గులకరాళ్ళను లెక్కింపదగినంత తేటయైన ఆ నీటిలో జియార్డియా యను సూక్ష్మజీవి యుండవచ్చును గనుక, వడపోయకయో మరిగింపకయో పుక్కిలింపనైనను గూడదు. పాత్రలు తోముటయు ఏటిలో గాదు. ఏటికి రెండువందల అడుగుల దూరమున, అనగా సుమారు డెబ్బది అంగలు నడచిపోయి. కావున ఈ ‘చెంత’ చూపునకు చెంతయేగాని చేతికి చెంతగాదని సిద్ధాంతము.

ఇచ్చట నింకొక రహస్యము కలదు. మంచు కరగి పుట్టిన యేటికి దినచర్య యుండును. మధ్యాహ్నపుటెండకు శిఖరములమీద కరగిన నీరు వాగులు దిగి విడిదిని చేరునప్పటికి ప్రొద్దు వాలును. ఉదయమున గొంతుకూర్చుండి కెటిలు నింపిన రాయి సాయంకాలమునకు నీటిక్రిందికి పోవుటయు, పగలు గుసగుసలాడిన యేరు అన్నముల వేళకు గొంతు పెంచి, అందఱు పరుండినపిమ్మట రంకెలు వేయుటయు ఇందువలననే. నాలుగవ పాదమునందలి జాగరణమునకు బీజము మొదటి పాదపు మొదటి మాటయందే పడినదని సహృదయులు గుర్తింతురుగాక.

ఈ యేటి కడగతి కూడ వినదగినది. బయటికి త్రోవలేక సముద్రముకంటె రెట్టింపునకు మించి ఉప్పదేలిన మోనో సరస్సులో ఇది కలియును. 1941లో లాస్ ఏంజెలిస్ నగరము తన కుళాయిలకొరకు సరస్సునకు పోవు ఏళ్ళ నీటిని దారి మళ్ళింపగా, దిగువభాగమున ఏరు ఎండి, సరస్సు ఏటేట క్రుంగెను. 1983లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానమువారు, 1994లో జలవనరుల మండలివారు కలుగజేసికొనిన తరువాత గాని నీటికి తన త్రోవ తనకు దక్కలేదు. దిగువన వ్యాజ్యము, ఎగువన పద్యము, ఏరొక్కటియే.

‘ఏర్పఱచుచు’ — ‘ఏర్పఱచియు’ అనినను గణభంగము లేదు, యతికి లోపము లేదు. అయినను కవి వర్తమానార్థకమునే వాడెను. గుడారము వేయుట ముగిసినదని చెప్పుటకు ఆయనకు మనసొప్పలేదు కాబోలు. పుల్లలలోపల సాగు త్రాడుండి, ఒకదానితో నొకటి తామే టపటప జతగూడునట్టి ఆ కఱ్ఱలలో పొడవైనది పొట్టిదాని గొట్టములో దూరుట నిత్యవిధి. గుడ్డ నాలుగుమూలల దిగగొట్టు మేకులు నాలుగంగుళముల మన్నుక్రింది నల్లరాతికి తగిలి కొక్కెములవలె వంగిపోవును. అప్పుడు రాళ్ళు మోసి మూలలపై నుంచవలెను. అంతయు నైనపిమ్మట గృహిణి లోపల నొకసారి పరుండి చూచి తల పల్లమునకున్నదని తెలుపును. మఱల మొదలు. ఇట్లు వంటజరుగుచున్నను, భోజనము జరుగుచున్నను, పటగృహము ఏర్పడుచునే యుండును. ఇంతటి అనుభవమును ఒక్క ప్రత్యయమునందు ఇమిడ్చిన కవి వ్యాకరణ మెఱిగినవాడు.

‘పచ్చళ్ళు’ — అన్నము, కూర ఏ దేశపువాడైనను తెచ్చుకొనును, పచ్చడియే జాతినిర్ణాయకము. సముద్రమట్టమున మూతబిగించిన ఆవకాయ సీసాను తొమ్మిదిన్నరవేల అడుగుల యెత్తునకు తెచ్చినచో, బయటి వాయుపీడనము నూటికి డెబ్బదిపాళ్ళకు తగ్గియుండుటవలన లోపలిగాలి పొంగి, నూనె మూతసందున మెల్లమెల్లగ ఊరి, సీసా మెడమీదుగ జారి, సంచిలోని తువ్వాలునకు, పసిపిల్లల పుస్తకములకు పట్టును. చిప్సు పొట్లము తలగడవలె ఉబ్బును. మూత తిరుపగనే ‘ఫుస్సు’మను నిట్టూర్పుతో ఆవఘాటు వెలువడి, ప్రక్క గుడారమువారు తలలెత్తి చూతురు. అర్థమైలు దూరమునుండి ఎలుగు తలయెత్తినను ఆశ్చర్యములేదు.

‘ఇనుపపెట్టెఁ దాఁచి’ — ప్రతి చోటియొద్దను గోధుమవన్నె రంగువేసిన యొక పెద్ద ఇనుపపెట్టె నేలకు బిగింపబడి యుండును. దాని గడియ ఒక రేకుక్రింద మరుగై, మనుష్యుని వ్రేళ్ళు దూరునంత సందు మాత్రమే కలిగి, ఎలుగు పంజా పట్టకుండునట్లు అమర్పబడినది. పద్యమున కూడు కూరలు పచ్చళ్ళు మాత్రమే చెప్పబడినవిగాని, ఇది ఉపలక్షణము. పండ్లుతోము పేస్టు, సబ్బు, పెదవులకు రాయు మైనము, చంటిపిల్ల పాలసీసా, తిని పారవేయదలచిన అరటితొక్క, ఇవన్నియు పెట్టెలోనికే పోవలెను; కారులో దాచిన చాలునని తలచిన వారి తలుపులు ఊడుట కలదు. సుఖముగ పరుండదలచునంతలో ఎవరిదో జేబులో చాక్లెట్టుకాగితము గలగలలాడుటయు, చెప్పులు వెదకికొనుచు చీకటిలో మఱల గడియకొఱకు తడవుటయు ఆచారము. ఇది చూచి ఎగతాళి చేయునట్లు చెట్టుకొమ్మన బూడిదవన్నె పక్షి యొకటి కఱకుగ నఱచును. క్లార్క్స్ నట్‌క్రాకర్ అను పేరుగల ఆ పక్షి ఒక్క ఋతువులో వేలకొలది పైన్ గింజలను పెట్టెగడియల అవసరములేకయే నేలలో అచ్చటచ్చట పాతి, నెలలు గడచిన పిదప, మంచుక్రిందనైనను, చోటు తప్పక త్రవ్వుకొనును.

‘భల్లూకంపు భీతి’ — ఇది ఎలుగువలన మనకు కలుగు భీతియా, ఎలుగునకు కలుగు భీతియా యని సంశయము. సంప్రదాయజ్ఞులు మొదటిదానినే గ్రహింతురు. ఆ రాష్ట్రపు పతాకముమీద 1911నుండి నడచుచున్న పెద్ద గ్రిజ్లీ యెలుగు 1920ల తరువాత ఆ రాష్ట్రమున ఎవరికిని కానరాలేదు. ఇప్పుడున్నది నల్లయెలుగు, అదియు పెక్కుమార్లు దాల్చినచెక్క రంగున నుండును. స్వభావముచేత పిఱికిది, చేతులు తట్టి గట్టిగ అఱచినచో సాధారణముగ తిరిగిపోవును. మనుష్యుల తిండికి మరగినదానిని మాత్రము త్రోలినను పోదు. అట్టిదానిని కడకు అధికారులే చంపవలసివచ్చును. కావున ఇనుపపెట్టె మన పచ్చడిని ఎలుగునుండి కాచుట నిజమేగాని, ఎలుగును మన పచ్చడినుండి కాచుట అంతకంటె నిజము. రెండవ అర్థమే బలవత్తరమని ఈ వ్యాఖ్యాత మతము. ఆ రాత్రి గుడారముచుట్టును తిరిగినది ఎలుగు గాదనియు, మిగిలిన యొక అప్పడపుముక్కకై వచ్చిన యెలుకయనియు ఉదయమున అడుగుజాడలు తెలుపుట పరిపాటి. ఎలుకంపు భీతియన్న గణము చెడును, గౌరవమును చెడును.

‘మేల్కాంచు’ — ఒక్క దినములో సముద్రతీరమునుండి ఇంతయెత్తునకు కారులో నెక్కివచ్చినవానికి ప్రాణవాయువు చాలక, నిద్రలో శ్వాస కొంతసేపు హెచ్చి, కొంతసేపు నిలిచి, ఉలికిపాటుతో కన్ను తెఱచునట్లు చేయును. తలనొప్పి దానికి తోడు. దీనిని భయమని భ్రమించుట కవులకు అలవాటు.

‘రసికుఁ’ — ఇచ్చట బలవత్తరమైన ఆక్షేపణ కలదు. రాజమహేంద్రవరమునుండి వచ్చి, ఆ విడిదిలో ముడుచుకుర్చీమీద మూడు శాలువలు కప్పుకొని కూర్చున్న అత్తగారు, “అల్లుడుగారూ, ఇంట్లో మంచాలు లేకనా, ఇంత దూరం కారు తోలుకొచ్చి, డబ్బు కట్టి మరీ నేలమీద పడుకోవడం?” అని యడిగిరి. అల్లుడు, “ఇక్కడ గాలి బాగుంటుందండీ అత్తయ్యగారూ” అనెను. “ఉన్నదే సగం గాలని పొద్దున నువ్వే అన్నావు గదయ్యా” అని యామె మఱుమాట. దీనికి సమాధానము అల్లునికి తోచలేదుగాని శాస్త్రమున నున్నది. ప్రబంధములకు పర్వత, చంద్రోదయ వర్ణనలతోగూడ అష్టాదశవర్ణనలు విధింపబడియుండగా, మన కవి అంతటి పర్వతమును, అంతటి నక్షత్రాకాశమును ఒక్క విశేషణముతోనైనను తాకక, నాలుగైదు పనులను మాత్రము వరుసగ చెప్పెను. లోపమని కొందఱందురు. అది అనుభవముయొక్క యథార్థము. విడిదికి వచ్చినవానికి కొండ చూచుటకు తీరికలేదు. పొయ్యి వెలిగింపవలెను, నీరు వడపోయవలెను, గడియ వేయవలెను. ఇంటివద్ద స్విచ్చుమీదను కుళాయిమీదను వదలివేసిన పనులను ఇచ్చట చేతులతో చేసి, నీళ్ళు కాగినవని కేకవేసినప్పుడు ఆయన మొగమున వెలుగు సంతోషము జీతము పెరిగిననాడు కానరాదు. ఆ సంతోషమునకు పాత్రుడైనవాడే యిచ్చటి రసికుడు. రసము శాంతమా, వీరమా, హాస్యమా యను చర్చ గ్రంథవిస్తరభీతిచే విడువబడినది.

అనుక్తవిశేషము

కవి చెప్పినదానికంటె చెప్పనిది ఒక్కొక్కచో ముఖ్యమగును. ఆ యెత్తున నీరు సుమారు తొంబది డిగ్రీలకే మరగును. ఎంత మంట పెట్టినను అంతకు మించి వేడియెక్కదు. బుడగలు వచ్చును, అన్నము రాదు. 1835లో ఆండీస్ కనుమ దాటుచు డార్విన్ మహాశయుని పరివారము బంగాళాదుంపలను రాత్రియెల్ల నిప్పుమీద నుంచి, ఉదయమున మఱల ఉడికించినను అవి గట్టిగనే యుండగా, క్రొత్తకుండకు దుంపలనిన గిట్టదని నిశ్చయించుకొనిరట. తెలుగువారు ఆ కుండను నిందింపరు. కందిపప్పుతో అయిదులీటర్ల ప్రెషర్ కుక్కరు తెత్తురు. అది విజిలు వేయునప్పుడు ప్రక్క విడిదివారు ఎలుగుగంట మ్రోగినదని లేచి నిలుచుటయు కలదు. ఇంతటి సాధనమును పద్యమునందు ఒక్క అక్షరముతోనైనను స్మరింపక, ‘కూడు గూరలు’ తమంతట తామే పుట్టినట్లు చెప్పుటనుబట్టి రెండే ఊహలు పొసగును. కవి ఆ విడిదికి పోయియే యుండడు. లేదా, పోయినను పొయ్యివద్దకు పోయియుండడు. పద్యము విడిదికవరుమీద, విడిదిపెన్సిలుతో వ్రాయబడియుండుటచే మొదటి యూహ నిలువదు. రెండవదానిని ఆ కవరు కుడిమూలనున్న పసుపుమరక, దానిప్రక్క వేఱొక దస్తూరీతో వ్రాసిన ‘ముందు గిన్నెలు కడగండి’ అను వాక్యము సమర్థించుచున్నవి.