నిన్నటి వేడిమికి టీకాతాత్పర్యములు

మూలము

నేటి విస్తృతి = ఒమేగా + ఆల్ఫా × నిన్నటి దోషవర్గము + బీటా × నిన్నటి విస్తృతి.

అవతారిక

సాంఖ్యకశాస్త్రమున ఎం.ఎస్‌సి. చదువుచున్న మా అమ్మాయి, పరీక్షలు పది దినములున్నవనగా, కాలశ్రేణుల నోటుపుస్తకమును భోజనపు బల్లపై తెఱచియుంచి కూర్మన్నపాలెం కూడలికి పోయియుండగా, ఉద్యోగవిరమణానంతరము వార్తాపత్రిక చదువుటయు, అందలి సంపాదకీయముతో వాదించుటయు దప్ప వేఱు వ్యాసంగములేని నేను, ఎఱ్ఱసిరాతో రెండుమాఱులు చుట్టబడి, ప్రక్కన 'తప్పక వచ్చును' అని వ్రాయబడిన యొక సూత్రమును జూచి, చూచినది మొదలు దానిని విడువలేకపోతిని. విస్తృతి యను పదము క్రింద పెన్సిలుతో 'అలజడి' యని యర్థము వ్రాసికొన్నది. ఉక్కునగరములో కాపురముండి 29 ఏండ్లు కొలిమి ముందు నిలిచి దాని యలజడిని కనిపెట్టుచు బ్రతికినవానికి, అలజడిని లెక్కగట్టు వాక్యము కంటబడిన పిమ్మట పత్రికపై మనస్సు నిలుచునా?

కాళిదాసు కావ్యత్రయమునకు వ్యాఖ్య వ్రాసిన మన కోలాచల మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిజ్ఞ చేసికొనెను. అందు మొదటి సగమును పాటింప యత్నించెదను.

పాఠభేదములు

ఈ సూత్రమునకు మూడు ప్రతులు లభించినవి. ముందువరుసలో కూర్చుండు ఒకానొక విద్యార్థిని స్వహస్తలిఖితము మాతృక. అందలి అక్షరములు ముత్యములు. రెండవది దాని జిరాక్సు, ఆ జిరాక్సునకు జిరాక్సు, ఈ క్రమమున నాల్గవ తరమువఱకు దిగివచ్చిన సంతానము. మూడవది తరగతిగదిలో ఫోనుతో తీసిన చిత్రము. ఇందు సూత్రము సగమును, అధ్యాపకుని మోచేయి సంపూర్ణముగను కనబడును.

మా అమ్మాయి పుస్తకము రెండవ శాఖలోనిది. కాలసూచికయగు 'టి' యక్షరము ప్రక్కన, దానికంటెను చిన్నదిగా నుండవలసిన 'మైనస్ ఒకటి' యను గుర్తు ఈ శాఖయందు యంత్రపు మసిలో లుప్తమైనది. ఆ లోపముతో చదివినచో నేటి విస్తృతి నేటి విస్తృతివలననే పుట్టుచున్నదని యర్థము వచ్చును. నేను ఆ పాఠమునే ప్రమాణముగ గొని, స్వయంభువైన యలజడిని గూర్చి, కార్యకారణముల యభేదమును గూర్చి, ఉపనిషత్తుల నడుమ నడుమ తలంచుచు, రెండున్నర పుటలు వ్రాసితిని. అమ్మాయి తిరిగివచ్చి చూచి, "నాన్నా, అది టి మైనస్ వన్. జిరాక్సులో పోయింది" అని పెన్సిలుతో చిన్నగీతయు, ఒకటియు చేర్చినది. అద్వైతమంతయు ఆ గీతతో పోయి నిన్న, నేడు అను రెండు మిగిలినవి. పైన మూలముగా నిచ్చినది ఈ సంస్కృతపాఠము.

'ఒమేగా' యను గ్రీకు అక్షరమును జిరాక్సు శాఖవారందఱు ఆంగ్లపు 'డబ్ల్యు'గా చదువుదురు. అర్థభేదము లేదు గనుక ఉపేక్షింతము.

నామవ్యుత్పత్తి

ఈ సూత్రమునకు 'గార్చ్' అని పేరు. సాధారణీకృత స్వప్రతిగమన సోపాధిక విషమవిస్తృతి యను దీర్ఘసమాసమునకు ఆంగ్లమున నున్న మాటల మొదటి యక్షరముల కూర్పు ఇది. 1982లో రాబర్ట్ ఎంగిల్ అను నాచార్యుడు బ్రిటన్ దేశపు ధరల పెరుగుదలను పరిశీలించుచు 'ఆర్చ్' అను మొదటి రూపమును ప్రకటించెను. నాలుగేండ్లకు, 1986లో, ఆయన శిష్యుడు బొలర్‌స్లెవ్ బీటా పదమును చేర్చి, పేరునకు ముందు 'గ'కారమును తగిలించెను. గురువునకు 2003లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఇది పాశ్చాత్యుల వ్యుత్పత్తి. మన నిఘంటువు దెఱచినచో 'ఆర్చు' అను అచ్చతెనుగు క్రియకు రెండర్థములు కనబడును: బిగ్గఱగా కేకవేయుట యొకటి, మంటను చల్లబఱచుట యొకటి. ఈ సూత్రము కొలుచు వాటాల విపణి మొదట ఆర్చును, పిదప ఆర్చబడును. ఎంగిల్ పండితునకు తెనుగు రాదని యెఱుంగుదును. అయినను ఇంత చక్కని శ్లేషను కేవలము కాకతాళీయమని త్రోసివేయుటకు వ్యాఖ్యాత మనస్సు అంగీకరింపదు.

ప్రతిపదార్థము

దోషము: అనుకొన్నదానికిని, అయినదానికిని గల తేడా. దీనిని తెలియుటకు ముందు ధరను శుద్ధిచేయవలెను. వాటాధర నూరు రూపాయలుండి, నూటికి పది పెరిగి నూటపదియై, మఱునాడు నూటికి పది తగ్గినచో, నూఱునకు రాక తొంబదితొమ్మిది వద్ద ఆగును. పెరుగుట, తరుగుటల నడుమ నున్న యీ పక్షపాతమును తొలగించుటకై ధరలకు లాగరిథమ్ తీసి, నిన్నటిదానిని నేటిదానినుండి తీసివేయుదురు. అట్లు తీసివేసిన పిమ్మట శ్రేణి స్థిరస్వభావము గలదగును. దీనినే తరగతిలో 'స్టేషనరీ' యందురు. "ధరల శ్రేణి స్టేషనరీ కాదు నాన్నా" అని అమ్మాయి నాకు బోధించుచుండగా, వంటయింటినుండి మా యింటావిడ, "స్టేషనరీ కాకపోతే మరి నాలుగు వందలు దేనికి పట్టుకెళ్ళింది?" అని యడిగినది. తెనుగులిపియందు ఆ రెండు మాటలకును భేదము లేదు గనుక ఆమె శంక న్యాయమే.

ఎవరి ధర? ఇచ్చట టీకాకారునకు కొంత దుఃఖము. అభ్యాసమునకు 'ఒక ఉక్కు సంస్థ దినాంతధరలు' తీసికొమ్మని యుండగా, మా అమ్మాయి జంషెడ్‌పూరు టాటా ఉక్కు ధరలను తెచ్చుకొన్నది. కిటికీ తెఱచిన కనబడు పొగగొట్టములు ఎవరివో వారికి ధరల శ్రేణి లేదు. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని 1966లో రాష్ట్రమంతయు నినదించి, ప్రాణములిచ్చి తెచ్చుకొన్న కర్మాగారము కేంద్రప్రభుత్వపు సొత్తుగనే యున్నది. 2012లో కొన్ని వాటాలను విపణికి దింపబోయి వాయిదావేసిరి. 2021 జనవరిలో మొత్తమును విక్రయింప సూత్రప్రాయముగ నిర్ణయించిరి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సాయమును ప్రకటించిరి. ఇన్ని వార్తలకును ప్రతిదిన మొక ధర యుండినచో ఆ శ్రేణి యేరీతి నుండెడిదో యూహించుకొనవలసినదే. ధర లేదు గనుక విస్తృతియు లేదని గణితము చెప్పును. మా సెక్టార్లలో ఏ యరుగుమీద గూర్చున్నవారినైనను అడుగుడు, విస్తృతి లేదేమో.

ఒమేగా: ఎన్నడును చల్లాఱని కనీసపు వేడి. ఏ వార్తయు లేని దినమున గూడ కొంత చలనముండును. స్పష్టము.

ఆల్ఫా: నిన్నటి దెబ్బకు నేడు ఉలికిపడు పాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా యూరిపై పడినది. గాలి ఆ దినమున వీచినది, కాని కూలిన చెట్లును, లేని విద్యుత్తును, నీళ్ళకు బారులును ఆ దినముతో పోలేదు. దోషమును వర్గము చేయుటలో నొక రహస్యమున్నది. వర్గము చేయగా ధనఋణభేదము నశించును. ధర ఒక్కమాఱు ఎగసినను, ఒక్కమాఱు పడినను మఱునాటి యలజడి సమానమేయని యీ సూత్రపు మతము. లోకానుభవము దీనికి విరుద్ధము, పతనమునకు జనులు ఎక్కువ బెదరుదురు. 1991లో నెల్సన్ అను నుత్తరకాలపు వ్యాఖ్యాత ఈ లోటును గుర్తించి వేఱొక సూత్రము చేసెను. అది రెండవ సెమిస్టరు.

బీటా: నిన్నటి యలజడిలో నేటికిని మిగిలియుండు పాలు. ఈ పదముకొఱకే నేనీ టీకను వ్రాయబూనితినని చెప్పినను తప్పులేదు. బ్లాస్ట్ ఫర్నేసు అనునది పొయ్యివంటిది కాదు. సాయంకాలము ఆర్పి ఉదయమున వెలిగించుకొనునది కాదు. ఇనుపఖనిజమును, కోకును, సున్నపురాయిని పైనుండి పొరలుపొరలుగా వేయుచుందురు. అవి క్రిందికి దిగుటకు ఆఱేడు గంటలు పట్టును. కావున ఎక్కడి కొలిమియందైనను బి షిఫ్టువారు వేసినదాని గుణము సి షిఫ్టువారు తీయు ఇనుమునందు బయటపడును. సి షిఫ్టున ఇనుము చెడినచో తిట్లు సి షిఫ్టువారికి, కారణము బి షిఫ్టున. ఇంక నేదేని హేతువుచే వేడిగాలిని నిలిపివేయవలసివచ్చినచో, గాలి ద్వారములను మూసి, కొలిమిని కప్పియుంచుదురు. లోపలి కోకును, చుట్టునున్న ఇటుకల గోడయు వేడిని దినములతరబడి కడుపున దాచుకొని యుండును. ఆ దాచుకొన్న వేడియే బీటా. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యను నదుల పేరును, అమ్మవారి పేరును పెట్టుకొన్న మా మూడు కొలుములలో మొదటిది 1990లో వెలిగినది. దానిముందు నిలిచినవాడెవ్వడును, విపణికి నిన్నటి జ్ఞాపకముండుననిన ఆశ్చర్యపడడు.

ఎంత జ్ఞాపకము? ఆల్ఫా 0.08 అనియు, బీటా 0.90 అనియు అనుకొందము. రెండును కలిసి 0.98. అనగా సాధారణస్థితికంటె మించిన యలజడిలో దినమునకు నూటికి రెండు పాళ్ళు మాత్రమే తగ్గును. సగమగుటకు సుమారు 34 వ్యాపారదినములు, ఇంచుమించు నెలన్నర. కూడిక ఒకటియైనచో దెబ్బ యెన్నటికిని మానదు. ఒకటికి లోబడియుండవలెననుట శాస్త్రనియమము.

ఈ ఆల్ఫాబీటాలు దైవదత్తములు కావు, దత్తాంశములనుండి అంచనా వేయబడునవి. అంచనా ఎంత మంచిదైనను పక్షపాతరహితమైనచో దాని విస్తృతి యొక హద్దుకంటె తగ్గజాలదని 1945లో నిరూపించినవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఈ యూరి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందే గణితమున ఎం.ఏ. పట్టము పొంది, పిదప కలకత్తా చేరినవాడు. మా అమ్మాయికి ఆయన పేరు ఒక అసమీకరణముగ మాత్రమే తెలియును. చెప్పితిని. "అయితే మన ఊళ్ళోనే చదివారా!" అని ఒక క్షణము కలము ఆపినది, టీకాకారునకు దక్కిన దక్షిణ అదియే.

శంక

పొరుగింటి పెద్దమనిషి ఈ చర్చనంతయు ప్రహరీగోడపైనుండి వినుచుండి, "ఏటండీ, ఇంతకీ కొనమంటారా, అమ్మమంటారా?" అని ప్రశ్నించెను.

సమాధానము. ఇది ధరనుగూర్చిన సూత్రము కాదు. 1900లోనే పారిస్ నగరమున లూయీ బాషెలియే యను నతడు తన సిద్ధాంతవ్యాసమున, విపణిధరల గమనమున రేపు పైకా క్రిందికా యనునది నేడు తెలియరాదను త్రోవను చూపెను. మన రేవునందు మూడవ నంబరు ప్రమాదసూచిక ఎగురవేసినప్పుడు, జాలరి దానినిబట్టి సముద్రమెంత గరుకుగా నుండునో తెలిసికొనును గాని, తన వలలో ఎన్ని చేపలు పడునో తెలిసికొనడు. గార్చ్ సూత్రము రేవుకంబముమీది సూచిక. పెద్దమనిషి కొంతసేపాలోచించి, "అయితే ఈ చదువుకి ఉద్యోగం వస్తుందా?" అనెను. వచ్చును, పడవలు గలవారందఱకును సూచిక నెగురవేయు మనిషి కావలెను.

తాత్పర్యము

నా వ్రాతను చదివి మా అమ్మాయి, "బాగుంది నాన్నా. కానీ ఇది ఐదు మార్కుల ప్రశ్న. ఇంత రాస్తే మిగతావి ఎప్పుడు రాయను?" అని, మూలమును మాత్రము నాలుగు పంక్తులలో తన పుస్తకమున నెక్కించుకొన్నది. తరువాత నా ప్రతిని అడిగి తీసికొని, ఫోనుతో చిత్రములు తీసి, స్నేహితురాండ్రకు పంపినది. రెండు దినములకు అది జిరాక్సు దుకాణము చేరినదట. ఇప్పటికే 'బి షిఫ్టు' అనునది 'బీటా షిఫ్టు' అయినదని వినికిడి.

గద్య: ఇది ఉక్కునగరనివాస, కొలిమిసేవావిశ్రాంత, సంపాదకీయవాదవ్యసనియగు నొకానొక తండ్రిచే భోజనపు బల్లపై రచింపబడిన గార్చ్ సూత్రవ్యాఖ్యయందు ప్రథమసూత్రము. ద్వితీయసూత్రము నోటుపుస్తకము మరల బల్లపైకి వచ్చిన పిమ్మట.